ఘాట్ రోడ్డు మీద కారు ఏసీ, హీటర్ ఎలా వాడాలి: సాలూరు, కొరాపుట్, రాయగడ వైపు తిరిగేవాళ్ల కోసం

సాలూరులో చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క, ఘాట్ ఎక్కి సుంకి చేరేసరికి చల్లగాలి, పొట్టంగి దగ్గర వాన, సెమిలిగుడలో ముందు బండి కనపడని పొగమంచు. ఎన్‌హెచ్ 26 మీద ఒక్క పూట ప్రయాణంలో ఇవన్నీ తగిలే రోజులుంటాయి. అయినా మనలో చాలామంది కారులో ముట్టుకునేవి రెండే, ఏసీ బటన్, ఫ్యాన్ నాబ్. మిగతావి షోరూమ్‌వాళ్లు ఎలా పెట్టి ఇచ్చారో అలాగే ఉండిపోతాయి. అద్దం మసకేస్తే పక్క సీటులోవాళ్లు తువ్వాలు తీసి తుడవడం, నిమిషంలో మళ్లీ మసకేయడం, మళ్లీ తుడవడం, కొరాపుట్ దాకా ఇదే తంతు.

తువ్వాలుతో పనిలేకుండా వెళ్లాలంటే ముందు ఒక విషయం బుర్రకెక్కాలి. ఏసీ పని చల్లబరచడం ఒక్కటే కాదు, గాలిలో తేమ తీసేయడం కూడా దాని పనే. బండి కింద నీళ్లు కారుతుంటాయి చూడండి, అవి గాలిలోంచి తీసిన నీళ్లే. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్ బాగా చల్లబడుతుంది, దాని మీదుగా వెళ్లే గాలిలోని తేమ నీళ్లయి పైపు గుండా రోడ్డు మీద పడిపోతుంది. అందుకే చలికాలంలో కూడా ఏసీ బటన్‌తో పని పడుతుంది. చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది.

బండి కదలక ముందే బటన్లు గుర్తుపట్టండి

ఇంటి ముందు బండి ఆపి ఉన్నప్పుడే, స్టార్ట్ చేసి, ఒక్కోటి నొక్కి చూడండి. ఘాట్ మలుపులో వెతుక్కునే పని కాదు ఇది, పైగా ఇప్పుడొచ్చే కార్లలో సగం బటన్లు టచ్ స్క్రీన్‌లోకి వెళ్లిపోయాయి, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా వాటిని నొక్కడం ఎవరి వల్లా కాదు.

నీలం నుంచి ఎరుపుకి తిరిగే నాబ్ వేడి, చలి కోసం. దీని వెనక జరిగేది తెలిస్తే మంచిది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ వేడెక్కి, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఓ చిన్న రేడియేటర్ గుండా తిరుగుతుంది, అదే హీటర్. నాబ్ ఎరుపు వైపు తిప్పితే లోపల ఒక రేకు తలుపు జరిగి గాలిని ఆ వేడి రేడియేటర్ మీదుగా పంపిస్తుంది. అంటే ఎలాగూ వృథాగా పోయే వేడినే హీటర్ వాడుకుంటుంది, దాని కోసం వేరే పెట్రోలు, డీజిల్ ఏమీ కాలదు. ఏసీ అలా కాదు, దాని గ్యాస్‌ను నొక్కి పైపుల్లో తిప్పే కంప్రెసర్‌ను ఇంజనే నడపాలి. ఎలక్ట్రిక్ కార్లలో మాత్రం హీటర్ కూడా బ్యాటరీనే తింటుంది, అది వేరే లెక్క.

మనిషి బొమ్మ, బాణాలు ఉన్నది గాలి ఎటు రావాలో చెప్పే నాబ్. ముఖానికి, ముఖానికీ కాళ్లకీ, కాళ్లకి, కాళ్లకీ అద్దానికీ, చివరిగా అద్దానికి మాత్రమే. ముందు అద్దానికి విసనకర్రలాంటి బొమ్మ మీద మూడు వంకర బాణాలుంటాయి, వెనక అద్దానికి దీర్ఘచతురస్రం మీద అవే బాణాలు. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆకారం చూసి గుర్తుపెట్టుకోండి.

మిగిలింది కారు బొమ్మలో బాణం ఉన్న బటన్. బాణం కారు లోపలే గుండ్రంగా తిరిగితే లోపలి గాలే తిరుగుతున్నట్టు. బయట నుంచి లోపలికి వస్తే బయటి గాలి తీసుకుంటున్నట్టు. ఎక్కువమంది తప్పుగా వదిలేసేది ఈ బటన్‌నే.

ఎండలో నిలబెట్టిన బండి ఎక్కినప్పుడు

మే నెలలో రాయగడ బజారులోనో పార్వతీపురం బస్టాండు దగ్గరో గంటసేపు ఎండలో పెట్టిన కారు లోపల పొయ్యి మీద పెట్టినట్టే ఉంటుంది, స్టీరింగ్ ముట్టుకోలేం. వెంటనే అద్దాలు మూసి ఏసీ ఫుల్లులో పెడితే, లోపల ఉన్న ఆ వేడిగాలినే కంప్రెసర్ చల్లబరచాలి, దానికి ఎక్కువసేపు పడుతుంది.

ముందు నాలుగు తలుపులూ తీసి వేడి పోనివ్వండి. బండి స్టార్ట్ చేసి, అద్దాలు దించి, ఫ్యాన్ ఫుల్లులో పెట్టి, ఏసీ వేసి, బయటి గాలి మోడ్‌లోనే ఓ నిమిషం రెండు నిమిషాలు నడపండి. కదులుతున్నప్పుడు వేడి తొందరగా బయటికి పోతుంది, కంప్రెసర్ కూడా బాగా తిరుగుతుంది. తర్వాత అద్దాలు ఎక్కించి లోపలి గాలికి మార్చండి. అప్పటికే కొంచెం చల్లబడిన గాలి కాబట్టి దాన్ని మళ్లీ చల్లబరచడం తేలిక. వెంట్లు ముఖం మీదకి కాకుండా కొంచెం పైకి తిప్పండి, చల్లగాలి దానంతటదే కిందికి దిగుతుంది, వెనక సీటులోవాళ్లకీ అందుతుంది.

రైలు గేటు దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు చల్లదనం తగ్గితే ఏసీ పాడైందని టెన్షన్ పడకండి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది, ముందు జాలీకి గాలి తగలడం లేదు, అంతే. కదిలాక మళ్లీ చల్లబడకపోతే అప్పుడు చూపించుకోవాలి.

ఇంకోటి, "రెండు నిమిషాల్లో వచ్చేస్తాం" అని పిల్లల్ని మూసిన కారులో వదలొద్దు. ఎండలో పది నిమిషాల్లోనే లోపల దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది, అద్దం వేలెడు దించినా పెద్ద తేడా ఉండదు.

ఇక నాబ్ ఎక్కడ పెట్టాలి? ఆటో ఏసీ లేని మామూలు కార్లలో నాబ్‌ను సగంలో పెడితే కాయిల్ మామూలుగానే చల్లబడుతుంది, ఆ చల్లగాలిని హీటర్ మళ్లీ వేడి చేస్తుంది. ఒక చేత్తో చల్లబరిచి ఇంకో చేత్తో వేడి చేయడం. అందుకే ఎండాకాలం నాబ్‌ను నీలం చివరే ఉంచి, చలి ఎక్కువైతే ఫ్యాన్ తగ్గించండి.

ఘాట్ ఎక్కేటప్పుడు

సాలూరు దాటి మలుపులు మొదలయ్యాక, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, చిన్న ఇంజన్, ముందు లోడు లారీ. అది తప్పించుకుని ముందుకెళ్లాలంటే లాగుడు సరిపోదు. చాలా కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కంప్రెసర్ కాసేపు ఆగుతుంది గానీ, నిటారు ఎక్కుడులో మీరే ఏసీ ఆపేసి అద్దాలు దించుకోవడం ఉత్తమం. ఎలాగూ పైకి వెళ్లే కొద్దీ గాలి చల్లబడుతుంది, వేగం తక్కువ కాబట్టి అద్దాలు దించినందువల్ల మైలేజీకి పెద్ద నష్టం ఉండదు. లారీ పొగ వెనక ఇరుక్కున్నప్పుడు మాత్రం అద్దాలు మూసి లోపలి గాలి మోడ్ వేయండి, అది దాటగానే మళ్లీ బయటి గాలి. (లారీ క్యాబిన్లలో ఏసీ అంటే ఒకప్పుడు విడ్డూరం, 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీల్లో కంపెనీయే పెట్టి ఇవ్వాలని కేంద్రం నిబంధన తెచ్చింది. లారీల ఊరైన సాలూరుకి ఇది చిన్న కబురేమీ కాదు.)

టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచండి. ఎరుపు వైపు జరుగుతుంటే ఏసీ వెంటనే ఆపండి. ఆ తర్వాత చెప్పేది వింటే పిచ్చిపని అనిపిస్తుంది గానీ, హీటర్ నాబ్ ఫుల్ ఎరుపులో, ఫ్యాన్ ఫుల్లులో పెట్టి అద్దాలు దించండి. ఇంజన్ వేడి కొంత మీ కాళ్ల మీదకి వచ్చేస్తుంది, ముల్లు దిగడానికి అది సాయం. దాంతోనే నెట్టుకుంటూ పోవద్దు, మలుపు కాని వెడల్పు చోట చూసి బండి పక్కకి తీసి ఆపండి. రేడియేటర్ మూత వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదకే ఎగజిమ్ముతాయి, చల్లారేదాకా దాని జోలికి పోవద్దు. ముల్లు ఎరుపులో ఉండి హీటర్ నుంచి మాత్రం చల్లగాలి వస్తోందంటే కూలెంట్ లేదని దాదాపు అర్థం, ఇక ఒక్క మీటరు కూడా నడపకండి.

దిగేటప్పుడు ఆయిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారు, దయచేసి అలా చేయొద్దు, బ్రేకులు వేడెక్కిపోతాయి. గేరులో దిగుతుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, ఏసీ వేసుకున్నా ఇబ్బంది లేదు.

అద్దం మసకేస్తే

దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. మసక రెండు రకాలు, లోపల పట్టేది, బయట పట్టేది. రెండింటికీ మందు వేరు, ఒకదానికి చేసేది ఇంకోదానికి చేస్తే ఎక్కువవుతుంది.

వానలో కొరాపుట్ నుంచి జైపూర్ ఘాట్ దిగుతుంటే మా బావమరిది డ్రైవింగ్. వెనక ముగ్గురు, తడిసిన గొడుగులు, కాళ్ల కింద తడి చెప్పులు, అద్దాలన్నీ బిగించి, లోపలి గాలి మోడ్. అద్దం మొత్తం పాలు పోసినట్టు తెల్లబడింది. ఫుల్ స్పీడులో వైపర్లు కొడుతున్నాడు, ఏమీ మారట్లేదు.

"వేలితో గీసి చూడరా" అన్నాను. గీస్తే గీత పడింది, వేలికి తడి అంటింది. లోపలి మసక అన్నమాట, వైపర్లు ఎంత కొట్టినా పోదు.

"అద్దానికి గాలి పెట్టు, ఏసీ వెయ్యి, నాబ్ ఎరుపుకి తిప్పు."

"ఏసీ వేసి హీటర్ ఏంటి బావా, ఉడికిపోతాం!"

"ఉడికితే అద్దం దించుదాం గానీ ముందు వెయ్యి."

ముందు డ్యాష్‌బోర్డు అంచు దగ్గర అరచేయంత చోటు తేటపడింది, అక్కడి నుంచి అది పైకి పాకుతూ పోయి, రెండో మలుపుకి రోడ్డు మొత్తం కనపడింది.

లోపలి మసకకి చేయాల్సింది ఇదీ. ముందు అద్దం బటన్ నొక్కండి. చాలా కార్లలో అది నొక్కగానే ఏసీ, బయటి గాలి వాటంతటవే పడతాయి, పడకపోతే మీరు వేయండి. ఫ్యాన్ పెంచండి. నాబ్ వేడి వైపు తిప్పండి. ఏసీ తేమను తీస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వేడి చేస్తుంది, వేడి పొడిగాలి అద్దం మీది తడిని లాగేసుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా లోపలి గాలి మోడ్ తీసేయండి. ఐదుగురు వదిలే ఊపిరిలో ఎంత తేమ ఉంటుందో తెలుసుగా, దాన్నే తిప్పి తిప్పి అద్దానికి కొట్టడం ఎందుకు? బయట వాన పడుతున్నా సరే, బయటి గాలే తీసుకోవాలి, దాని తేమ సంగతి ఏసీ చూసుకుంటుంది. చాలా అర్జంటైతే రెండు పక్కలా అద్దాలు రెండేసి వేళ్లు దించండి, కొంత నయం.

బయటి మసక సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. వానాకాలం సాలూరు కిందనో గుణుపూర్ వైపో రాత్రిపూట, బయట ఉక్క, లోపల ఏసీ గట్టిగా, ఆ చల్లగాలి అద్దానికి తగులుతూ ఉంటే అద్దం చల్లబడి బయటి తేమ దానికి పడుతుంది. వేలితో లోపల గీస్తే ఏమీ ఉండదు, వైపర్ ఒక్కసారి వేస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. ఇక్కడ అద్దానికి చల్లగాలి కొట్టడం ఆపాలి. గాలి ముఖానికో కాళ్లకో మార్చండి, ఏసీ కొంచెం తగ్గించండి, మధ్యమధ్యలో వైపర్ వేయండి.

వెనక అద్దం మీద సన్నటి గోధుమరంగు తీగలుంటే అవి కరెంటుతో వేడెక్కే డీఫాగర్. పది పదిహేను నిమిషాలు చాలు, చాలా బండ్లలో దానంతటదే ఆగిపోతుంది. లోపలి నుంచి తుడిచేటప్పుడు తీగల పొడవునా అడ్డంగా, మెత్తటి గుడ్డతో తుడవండి. వాటి మీద దేవుడి స్టిక్కర్లు అంటించి తర్వాత గోకితే తీగ తెగిపోతుంది, ఆ వరస మేరా మసక అలాగే ఉండిపోతుంది.

లోపలి అద్దం మురికిగా ఉంటే మసక ఇంకా తొందరగా పడుతుంది. వానాకాలం మొదట్లో ఓసారి శుభ్రంగా తుడిచి పెట్టుకోండి. తడి కార్పెట్లు, తడి గొడుగులు కారులో అలాగే వదిలేయకండి, ఆ తేమే అద్దానికి పడుతుంది. ఇక బయట రోడ్డు మీద ఉండే పొగమంచుకి ఈ బటన్లేవీ పనిచేయవు, లో బీమ్ వేసుకుని నెమ్మదిగా వెళ్లడమే.

చలికాలం పొద్దున్న హీటర్

డిసెంబరు, జనవరిలో కొరాపుట్, సెమిలిగుడ వైపు తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకి దిగే రోజులుంటాయి. స్టార్ట్ చేయగానే హీటర్ ఫుల్లులో పెడితే వచ్చేది చల్లగాలే, ఎందుకంటే కూలెంట్ ఇంకా వేడెక్కలేదు. ఫ్యాన్ చిన్నగా పెట్టి, బండి కదిలించి, నాలుగైదు నిమిషాలు నిదానంగా నడపండి, ముల్లు కదలడం మొదలయ్యాక ఫ్యాన్ పెంచండి. నిలబెట్టి వేడెక్కించడం కన్నా నడిపితేనే తొందరగా వేడెక్కుతుంది.

వేడిగాలి ఎప్పుడూ కాళ్లకి పెట్టండి, అది పైకి లేస్తుంది కాబట్టి ఒళ్లంతా వెచ్చబడుతుంది. ముఖానికి పెట్టుకుంటే కళ్లు మండుతాయి, నిద్ర తూగుతుంది. కాళ్లకీ అద్దానికీ కలిపి వచ్చే మోడ్ ఉంటుంది చూడండి, చలికాలం పొద్దుటి ప్రయాణమంతా దాంట్లోనే వెళ్లొచ్చు.

అరగంట నడిచినా వేడి రాకపోతే కూలెంట్ తక్కువైనా ఉండాలి, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయైనా ఉండాలి. హీటర్ వేయగానే తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు మసక వస్తే లోపలి హీటర్ రేడియేటర్ లీకవుతోంది, దాన్ని నాన్చకండి.

దేవమాలి పైకి సూర్యోదయం చూడ్డానికి వెళ్లి కారులోనే పడుకునేవాళ్లకి గట్టిగా చెప్తున్నాను. 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలోనే ఎత్తైన కొండ, రాత్రి చలి మామూలుగా ఉండదు. అయినా ఇంజన్ ఆన్‌లో పెట్టి, హీటర్ వేసుకుని, అద్దాలు మూసి నిద్రపోవద్దు. సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, లోపలికి చేరితే మెలకువ కూడా రాదు. అద్దం కొంచెం తీశాం కదా అనే ధైర్యం కూడా వద్దు. దుప్పట్లు తీసుకెళ్లండి.

పగలైనా సరే, నిండా మనుషులతో లోపలి గాలి మోడ్‌లో గంటలు గంటలు వెళ్తే మీ ఊపిరే మీకు తిరిగొస్తుంది, తల బరువెక్కుతుంది, భోజనం తర్వాతైతే ఇక చెప్పక్కర్లేదు. ప్రతి ఇరవై నిమిషాలకో అరగంటకో కాసేపు బయటి గాలికి మార్చండి.

ఆటో ఏసీ ఉంటే

24 దగ్గర పెట్టి ఆటో నొక్కి వదిలేయండి. తొందరగా చల్లబడుతుందని 16కి దించడం దండగ, కారు బాగా వేడిగా ఉన్నప్పుడు 24లో పెట్టినా అది మొదట ఫుల్లులోనే పనిచేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద అద్దం దగ్గర ఓ చిన్న నల్లటి బుడిపె ఉంటే అది ఎండను కొలిచే సెన్సర్, దాని మీద గుడ్డో దేవుడి బొమ్మో పెట్టకండి. వానలో మసకేస్తే మాత్రం ఆటోని నమ్ముకుని కూర్చోకుండా అద్దం బటన్ మీరే నొక్కండి.

వాసన, ఫిల్టర్, గ్యాస్

ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన వస్తే, కాయిల్ మీద తేమ నిలిచి బూజు పట్టినట్టు. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందే ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం ఉంచి, బయటి గాలితో కాయిల్ ఆరనిస్తే ఇది చాలావరకు రాదు. చెట్టు కింద పెట్టే బండి అయితే బానెట్ చివర, వైపర్ల కింద ఉండే జాలీలో ఆకులు ఏరేయండి, బయటి గాలి వెళ్లేది అక్కడి నుంచే. ఆకులు కుళ్లితే ఆ వాసనే లోపలికి వస్తుంది. ఎలుకలకీ ఆ చోటంటే మహా ఇష్టం.

గ్లోవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది, చాలా కార్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. గ్లోవ్ బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది, మూత తీసి ఫిల్టర్ లాగండి. మామూలుగా ఏడాదికో, 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకో మార్చమంటారు, మన ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే బండికి అంతవరకు ఆగొద్దు. కొత్తది పెట్టేటప్పుడు దాని మీద గాలి వెళ్లే వైపు బాణం ఉంటుంది, పాతది ఎటు ఉందో చూసి అలాగే పెట్టండి. ఫ్యాన్ మోత ఎక్కువై గాలి తక్కువగా వస్తుంటే మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు దీన్ని తీసి చూడండి.

ఎడమ సీటు కింద మ్యాట్ తడుస్తుంటే నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోయి ఉంటుంది. ఖరీదైన రిపేరేమీ కాదు, కానీ వదిలేస్తే కార్పెట్ కుళ్లుతుంది.

చలికాలమంతా ఏసీ ముట్టకుండా ఉంచకండి, వారానికోసారైనా పది నిమిషాలు వేస్తే లోపలి ఆయిల్ తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి.

ఇక గ్యాస్. "ఏడాదికోసారి గ్యాస్ పట్టించుకోవాలి సార్" అంటే నమ్మకండి. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఒక్క వేసవికే తగ్గిపోయిందంటే ఎక్కడో లీకుంది. లీకు కనిపెట్టకుండా గ్యాస్ నింపితే వచ్చే ఏడాది మళ్లీ అదే బిల్లు. ముందు లీక్ టెస్ట్ చేయమనండి, ముందు జాలీ వెనక ఉండే కండెన్సర్‌కి పట్టిన మట్టి, పురుగులు మెల్లగా నీళ్లు పట్టి కడగమనండి, ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే దాని సన్నటి రేకులు వంగిపోతాయి. లీకు దొరికి బాగుచేశాక, వ్యాక్యూమ్ పెట్టి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి), మీ బండి బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉన్న రకం గ్యాసే, అందులో ఉన్నన్ని గ్రాములే నింపమని పక్కన నిలబడి చూడండి. ఆర్ 134ఏ రాసి ఉంటే అదే, ఇంకేదైనా రాసి ఉంటే అదే. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది.